విసరని బంతి

"నాకు బేస్‌బాల్ అంటే ఏమిటో తెలియదండీ" అన్నాను మా బాస్‌తో.

"మోచెయ్యి అంటే తెలుసు కదా?" అన్నాడాయన.

అంతే. మెల్‌బోర్న్ పడమటి శివార్లలో ఉన్న ఒక బేస్‌బాల్ క్లబ్బుకి నేను ఫిజియోథెరపిస్టునైపోయాను. క్లినిక్‌లో అందరికన్నా కొత్తదాన్ని. శనివారాలు ఎండలో నిలబడడానికి మిగతావాళ్ళెవరూ ఇష్టపడలేదు. కొత్త కోడలికి ఎవరూ చెయ్యని పని అప్పగించినట్టు నాకు ఆ క్లబ్బు అప్పగించారు.

ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "మీ కెరీర్‌లో మరిచిపోలేని కేసు చెప్పండి మేడమ్" అంటారు. పక్షవాతం వచ్చి లేచి నడిచినవాళ్ళ గురించో, పెద్ద యాక్సిడెంట్ల గురించో చెబుతాననుకుంటారు. అలాంటివీ చూశాను. కానీ నాకు ముందుగా గుర్తొచ్చేది ఒక కుర్రాడి కుడి మోచెయ్యి. దాని మీద ఆపరేషన్ జరగలేదు, అద్భుతమూ జరగలేదు. అయినా దాని కథే చెబుతాను.

నేను కాకినాడలో పుట్టి, విశాఖపట్నంలో పెద్దాసుపత్రిలో పనిచేసి, తొంభైల్లో మా ఆయన ఉద్యోగం వెంట ఆస్ట్రేలియా వచ్చాను. ఆయనది కోబాల్ అనే పాత కంప్యూటర్ భాషలో రాసిన ప్రోగ్రాములు బాగుచేసే పని. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తేదీ తప్పు చూపించి, బ్యాంకులు మూతపడి, విమానాలు ఆగిపోతాయని ప్రపంచమంతా హడలిపోతున్న రోజులవి. మనవాళ్ళు నలుగురు చేరితే అదే మాట. ఇంటికి ఎవరొచ్చినా మా ఆయన్ని ప్రోగ్రాముల గురించి అడిగేవారు, నన్ను టీ గురించి అడిగేవారు. నేనిక్కడి పరీక్షలన్నీ మళ్ళీ రాసి లైసెన్సు తెచ్చుకున్నానని ఎవరికైనా చెబితే, "అయ్యో, ఆర్నెల్లు కంప్యూటర్ కోర్సు చేస్తే సరిపోయేది కదమ్మా!" అని జాలిపడేవారు.

మొదటి శనివారం గ్రౌండుకి వెళ్ళి అరగంటసేపు వికెట్లెక్కడున్నాయా అని వెతికాను. క్లబ్బు కోచ్ పొద్దుతిరుగుడు గింజలు నములుతూ, పొట్టు ఉమ్ముతూ ఉండే పెద్దాయన. ఎండకి కాలి కాలి ముక్కు మీద తోలు ఊడుతుండేది. ఆయన నా పక్కన కూచుని ఓపిగ్గా చెప్పాడు. బ్యాటు పట్టినవాడు బంతిని కొట్టి మొదటి బేస్‌కి పరుగెడతాడు. వాడు చేరేలోపు బంతి అక్కడికి చేరితే ఔట్. ఆ తర్వాత రెండో బేస్, మూడోది, చివరికి బయల్దేరిన చోటుకే తిరిగి రావాలి, దాన్ని హోమ్ అంటారు. హోమ్ చేరితే ఒక పరుగు.

"ఇంత కష్టపడి ఇంటికి తిరిగి రావడమేనా!" అన్నాను.

"అంతే. కానీ చాలామంది రాలేరు" అన్నాడాయన, పొట్టు ఉమ్మి.

ఆ రోజే ఆ కుర్రాణ్ణి మొదటిసారి చూశాను. రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ నడుమ నిలబడే ఫీల్డర్‌ని షార్ట్‌స్టాప్ అంటారు. మైదానంలో కష్టమైన స్థానం అదే. బంతి నేల మీద బుల్లెట్‌లా దూసుకొస్తుంది. దాన్ని అందుకుని ఊపిరి పీల్చుకునేలోపు మైదానం అడ్డంగా అవతల ఉన్న మొదటి బేస్‌కి విసరాలి. సన్నగా, నల్లగా ఉన్న ఆ కుర్రాడు బంతి వస్తున్న వైపు పరుగెత్తినట్టుండేవాడు కాదు. బంతి ఎక్కడికొస్తుందో అక్కడ ముందే ఉండేవాడు. ఆట తెలియని నాకు కూడా వాడి కాళ్ళు చూస్తే మంచి నాట్యం చూస్తున్నట్టుండేది.

ఆట అయ్యాక మడమకి టేపు వేయించుకోవడానికి వచ్చి నా పేరు విని, "ఆంటీ, ఆర్ యు తెలుగు?" అన్నాడు. నేను నోరు తెరిచాను. వాళ్ళది ఫిజీ. ముత్తాతల కాలంలో విశాఖ జిల్లా నుంచి చెరుకు తోటల్లో పనికి ఓడెక్కిన కుటుంబం. ఫిజీలో సైన్యం ప్రభుత్వాన్ని కూలదోశాక, వీడు చిన్నపిల్లాడిగా ఉన్నప్పుడు మెల్‌బోర్న్ వచ్చేశారు. స్కూల్లో క్రికెట్ టీములో చోటు దొరక్క బేస్‌బాల్ గ్లవ్ తొడుక్కున్నాడు. స్కూలు అయీ అవకముందే అమెరికాలో ఒక పెద్ద క్లబ్బు సంతకం చేయించుకుంది. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో చెబుతాడు. వాడి మాటలు ఇక్కడ నేను తెలుగులోనే రాస్తాను, లేకపోతే ఈ వ్యాసం సగం ఇంగ్లీషైపోతుంది.

సంతకం చేసినంత మాత్రాన టీవీలో కనిపించే పెద్ద లీగులో ఆడనివ్వరు. దాని కింద మెట్లు మెట్లుగా చిన్న లీగులుంటాయి. అట్టడుగున చేరి, చిన్న చిన్న ఊళ్ళలో ఆడుతూ, బస్సుల్లో నిద్రపోతూ ఒక్కో మెట్టూ ఎక్కాలి. ప్రతి మెట్టు మీదా సగం మందిని ఇంటికి పంపేస్తారు. ఈ కుర్రాడు అక్కడి వేసవి అంతా అమెరికాలో అడుగు మెట్టు మీద ఆడి, అక్కడ చలికాలం రాగానే ఇంటికొచ్చి ఇక్కడి వేసవిలో మా క్లబ్బుకి ఆడేవాడు. చలికాలమన్నదే ఎరగడు పాపం.

మొదటి ఏడాది వాడికి నేను చేసిన వైద్యం చెబితే మీరు నవ్వుతారు. విసరడం అంటే బౌలింగ్ లాంటిదే కదా అనుకుని క్రికెట్ బౌలర్ల వ్యాయామాలన్నీ చేయించాను. వారం తర్వాత కోచ్ వచ్చి, "మా షార్ట్‌స్టాప్ పదడుగులు పరుగెత్తి గానీ బంతి విసరడం లేదు, ఏం చేశారు?" అని అడిగాడు. ఆ రాత్రి నుంచి మా ఇంట్లో టీవీ ముందు నేను బేస్‌బాల్ క్యాసెట్లు, పక్క గదిలో మా ఆయన కోబాల్. పిల్లలు పాపం ఇద్దరి మధ్యా తిరిగేవారు.

రెండువేల సంవత్సరం వచ్చింది. విమానాలు ఎగిరాయి, బ్యాంకులు తెరిచారు, మా ఆయన కొంచెం నిరాశపడ్డాడు. ఆ ఎండాకాలంలోనే మా క్లబ్బు రాష్ట్ర లీగు ఫైనల్‌కి చేరింది.

ఫైనల్ ముందటి ఆదివారం కేరమ్ డౌన్స్ గుడికి వెళ్ళాం. ఊరు ఈ చివర్నుంచి ఆ చివరికి పోవాలి కాబట్టి మేం పండగలకో, మొక్కులకో తప్ప వెళ్ళేవాళ్ళం కాదు. పులిహోర కోసం లైన్లో నిలబడితే వెనక నుంచి ఎవరో "సిస్టర్" అని పిలిచారు. కుర్రాడి తండ్రి. సిటీ బస్సు నడుపుతాడు. పక్కన ఆయన తల్లి, అంటే కుర్రాడి నాయనమ్మ, తెల్లచీర కట్టుకున్న చిన్న మనిషి.

"సిస్టర్, మీరు మెడికల్ లైన్ కదా. మావాడు మీ మాట వింటాడు. ఒక్క మాట చెప్పాలి" అన్నాడు తండ్రి, ఇంగ్లీషూ తెలుగూ కలిపి. "కంప్యూటర్ కోర్సులో సీటు తీసుకున్నాను. ఇప్పుడు అందరి పిల్లలూ అందులోనే ఉన్నారు. వచ్చే నెల క్లాసులు. వీడేమో మళ్ళీ అమెరికా అంటున్నాడు. రెండేళ్ళ నుంచీ అదే కింద లీగు. ఈసారి కూడా పైకి పంపకపోతే ఆపేస్తానని మాటిచ్చాడు."

"మరి మాటిచ్చాడు కదండీ, చూద్దాం" అన్నాను.

"పంపరని మీరే చెప్పండి. ఆశ పెట్టుకుని తిరిగితే మనిషి పాడైపోతాడు సిస్టర్. ఫిజీలో నేనూ ఒకటి అనుకున్నాను. అది అవలేదు. నాకు తెలుసు ఎలా ఉంటుందో."

ఆయన ఏమనుకున్నాడో, ఏది అవలేదో నేను అడగలేదు. ఆయన పులిహోర తేవడానికి ముందుకెళ్ళగానే ముసలావిడ నా చెయ్యి పట్టుకుంది. ఆవిడ తెలుగు మా అమ్మమ్మ మాట్లాడిన తెలుగు. సముద్రాలు దాటి ఎక్కడో దాచిపెట్టి నాకోసం తెచ్చినట్టుంది.

"అమ్మా, మా పిల్లోడు అన్నం ఎడం సేత్తో తింటన్నాడు. సెంచా పట్టుకుని" అంది. "అడిగితే అమెరికాలో అంతేనంటాడు. అమెరికాలో అందరూ ఎడం సేత్తో తింటారేటమ్మా?"

సీజనంతా వాణ్ణి గ్రౌండులో చూస్తూనే ఉన్నాను. మడమకి టేపు వేస్తూనే ఉన్నాను. చెయ్యి వాడు నాకు చూపించలేదు, నేను అడగనూ లేదు. అన్నం కలపాలంటే ముంజెయ్యి తిప్పాలి, వేళ్ళు నొక్కాలి. ఆ పని చెయ్యలేనివాడు మైదానం అడ్డంగా బంతి విసురుతున్నాడు!

"రేపు క్లినిక్‌కి పంపండమ్మా" అన్నాను.

"నానే తీసుకొస్తాను" అంది ఆవిడ. తీసుకొచ్చింది కూడా. ఆవిడ బయట బల్ల మీద కూచుంటే కుర్రాడు లోపలికొచ్చి తలుపు వేశాడు. మోచేతి లోపలి వైపు బొటనవేలితో నొక్కాను. వాడు నవ్వుతూనే ఉన్నాడు, కానీ కాలి వేళ్ళు ముడుచుకున్నాయి. ముంజేతిని పట్టుకుని మెల్లగా బయటికి వంచగానే నవ్వు ఆగిపోయింది.

"ఎన్నాళ్ళనుంచి?"

"అక్కడ సీజన్ చివర్నుంచి."

లోపలి వైపు ఎముకనీ ఎముకనీ పట్టి ఉంచే నరం లాంటి కట్టు ఒకటుంటుంది. అది సాగింది. తెగలేదు. ఇప్పుడు ఆపితే మూడు నాలుగు నెలల్లో బాగవుతుంది. ఆపకపోతే ఏదో ఒక బంతికి తెగుతుంది. ఆ రెండూ వాడికి అలాగే చెప్పాను, మెత్తగా చెప్పలేదు.

"ఆంటీ, ఫైనల్‌కి స్కౌట్ వస్తున్నాడు" అన్నాడు. అమెరికా క్లబ్బు తరఫున ఇక్కడి ఆటగాళ్ళని చూసి రిపోర్టు పంపే మనిషి అన్నమాట. "పై మెట్టుకి పంపాలా, ఇంటికి పంపాలా అన్నది ఆ ఒక్క రోజు చూసి రాస్తాడు. ఆ రోజు ఆడకపోతే నేను అయిపోయినట్టే. ఆ ఒక్క ఆటా ఆడనివ్వండి. కోచ్‌కి చెప్పకండి. నాన్నకి అసలు చెప్పకండి."

"తెగితే?"

"కంప్యూటర్లకి ఎడం చెయ్యి సరిపోతుంది" అని నవ్వబోయి, నవ్వలేకపోయాడు.

ఇరవై ఏళ్ళవాడు. అంతకు ముందు వాడి కళ్ళలో భయం చూడలేదు నేను. ఆ సాయంత్రం మా బాస్ గదిలోకి వెళ్ళి అంతా చెప్పాను. ఆయన నాకు ఉపన్యాసం ఇవ్వలేదు. "అతను నీ పేషెంటు. అతని అనుమతి లేకుండా ఎవరికీ చెప్పకూడదు. అలాగని నిన్నెవరైనా అడిగితే అబద్ధమూ చెప్పకూడదు. ఈ రెంటి మధ్యా ఎంత చోటుందో అంత చోటులో నిలబడు" అన్నాడు. ఆ చోటు ఎంతుందా అని ఇంటికి వెళ్ళేదాకా ఆలోచించాను. ఒక మనిషి పక్కకి తిరిగి నిలబడితే పడుతుందేమో.

మర్నాడు కుర్రాడికి ఫోన్ చేసి చెప్పాను. "నేనై నేను నోరు విప్పను. కానీ కోచ్ నన్ను 'వీడు ఫిట్టేనా' అని అడిగితే 'వాణ్ణే అడగండి' అంటాను. ఆ మాటకి అర్థమేమిటో ఆయనకి తెలుస్తుంది. అంతకన్నా నేను చెయ్యగలిగింది లేదు."

"ఓకే ఆంటీ" అన్నాడు. కోపంగా కాదు. అదే నాకు ఎక్కువ బాధేసింది.

ఫైనల్ రోజు ఉత్తరపు గాలి. మెల్‌బోర్న్‌లో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు, ఎడారి నుంచి ఎవరో పొయ్యి తలుపు తెరిచినట్టుంటుంది. హోమ్ వెనక బంతులాపే తెర పక్కన స్టూలు వేసుకుని స్కౌట్ కూచున్నాడు, గుండ్రంటి మనిషి, పెద్ద టోపీ. ఆటగాళ్ళు ఒళ్ళు వేడెక్కించుకుంటుంటే కోచ్ నా దగ్గరికొచ్చాడు. ప్రతి ఆటకీ ముందు అడిగే ప్రశ్నే అడిగాడు.

"అందరూ బాగానే ఉన్నారా?"

కుర్రాడు నా పక్కనే బూట్ల లేసులు కట్టుకుంటున్నాడు. నేను నోరు తెరిచాను. ఏం చెప్పబోయానో ఇప్పటికీ నాకు తెలియదు. అవసరమూ పడలేదు.

"లేదు కోచ్. నా మోచెయ్యి పోయింది. షార్ట్‌స్టాప్ నుంచి విసరలేను" అన్నాడు వాడు, లేసుల మీంచి తలెత్తకుండా.

కోచ్ నమలడం ఆపాడు. ఆ పెద్దాయన గింజలు నమలకుండా ఉండడం నేను చూసింది ఆ ఒక్కసారే. వాడి వైపు చూశాడు, తెర పక్కనున్న స్కౌట్ వైపు చూశాడు, నావైపు తిరిగాడు. "రెండో బేస్ నుంచి మొదటి బేస్‌కి విసరగలడా? సగం దూరమే."

చిన్న ప్రశ్నే. కానీ దానికి జవాబు చెప్పాల్సింది నేను. వద్దంటే నా ఉద్యోగానికి ఏ ఇబ్బందీ లేదు. వాడికి మాత్రం ఆ రోజుతో అంతా అయిపోతుంది. వాణ్ణి పక్కకి తీసుకెళ్ళి, దగ్గర్నుంచి కొన్ని బంతులు విసిరించాను. చెయ్యి కాదు, ముఖం చూశాను, కాలి వేళ్ళు చూడలేను కదా, బూట్లున్నాయి. పొట్టి విసురులకి నొప్పి లేదు. మోచేతిని నొక్కి చూసి, టేపు వేసి, కోచ్‌తో అన్నాను: "అంత దూరం వరకే. ఒక్క బంతి కూడా దానికి మించి విసరకూడదు. ఏం జరిగినా సరే."

"విన్నావుగా?" అన్నాడు కోచ్ వాడితో.

మా రెండో బేస్ ఆటగాడు ప్లంబర్, ముప్ఫై దాటినవాడు. ఆయన్ని షార్ట్‌స్టాప్‌కి మార్చారు. పెళ్ళయిన కొత్తలో ఆ స్థానంలో ఆడానని, ఇప్పుడు మోకాళ్ళు ఒప్పుకోవని గొణుక్కుంటూ వెళ్ళాడు. మా కుర్రాడు పుట్టి బుద్ధెరిగి రెండో బేస్ దగ్గర ఆడలేదు. అన్నీ అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటాయక్కడ. మొదట్లో రెండుసార్లు తప్పు వైపు అడుగేశాడు.

ఈ ఆటలో ఒక్కో జట్టుకీ తొమ్మిది ఇన్నింగ్స్‌లు. మూడో ఇన్నింగ్స్‌లో ప్రత్యర్థి ఒకడు మొదటి బేస్ మీదున్నాడు. బ్యాటరు బంతిని నేలబారున ప్లంబర్ వైపు కొట్టాడు. ప్లంబర్ అందుకుని రెండో బేస్ వైపు అందించాడు. మా కుర్రాడు బంతి పట్టి, బేస్ తొక్కి, తన కాళ్ళ మీదికి జారుకుంటూ వస్తున్న మనిషి మీంచి పైకి లేచి, గాలిలోనే తిరిగి మొదటి బేస్‌కి విసిరాడు. ఒక్క బంతికి ఇద్దరు ఔట్. ఇదంతా చెప్పడానికి నాకు పట్టినంతసేపు వాడికి పట్టలేదు. కిందికి దిగి, ప్యాంటుకంటిన దుమ్ము కూడా దులుపుకోకుండా వెనక్కి నడిచాడు. ప్లంబర్ గ్లవ్ తీసి తల మీద పెట్టుకుని అలా చూస్తుండిపోయాడు.

ఆట సగంలో తండ్రి వచ్చాడు. డ్యూటీ దిగి, బస్సు డ్రైవరు యూనిఫారంలోనే వచ్చి, కంచె అవతల నిలబడ్డాడు. నన్ను చూసి తలూపాడు. కొడుకు ఆట చూడ్డానికి రావడం అదే మొదటిసారని తర్వాత తెలిసింది.

చివరి ఇన్నింగ్స్ వచ్చేసరికి స్కోరు సమం. మొదటి బేస్ మీద వాళ్ళ మనిషి ఉన్నాడు. బ్యాటరు కుడి వైపు దూరంగా కొట్టాడు. బంతి కంచె దాకా దొర్లింది. మొదటి బేస్ మీదున్నవాడు హోమ్ వైపు దౌడు తీశాడు. దూరంగా ఉన్న ఫీల్డర్ బంతిని మధ్యలో ఉన్న మా కుర్రాడికి అందించాడు. ఇప్పుడు దాన్ని పట్టి హోమ్‌కి విసరాలి. పొడుగైన విసురు. వాడి చెయ్యి బాగున్న రోజుల్లో కళ్ళు మూసుకుని విసిరే విసురు.

"హోమ్! హోమ్!" అని గ్రౌండంతా అరిచింది. కోచ్ కూడా అరిచాడు, పాపం అలవాటు కొద్దీ. వాడి చెయ్యి వెనక్కి వెళ్ళింది. నేను బెంచీ అంచు పట్టుకున్నాను. వెళ్ళిన చెయ్యి అక్కడే ఆగింది. పక్కనే పరుగెత్తుకొచ్చిన ప్లంబర్‌కి బంతిని మెల్లగా అందించాడు. ప్లంబర్ విసిరాడు. బంతి హోమ్ చేరేసరికి వాళ్ళ మనిషి అప్పటికే అక్కడికి చేరి, లేచి దుమ్ము దులుపుకుంటున్నాడు.

మేం తిరిగి కొట్టలేకపోయాం. ఓడిపోయాం.

ఓడిన టీము దగ్గర ఉండే నిశ్శబ్దం నాకు ఆసుపత్రుల్లో అలవాటే. ప్లంబర్ గ్లవ్‌ని సంచీలో కుక్కి వెళ్ళిపోయాడు. కుర్రాడు ఐసు పెట్టె మీద కూచుంటే మోచేతికి ఐసు కట్టాను.

"విసిరితే దొరికేవాడు ఆంటీ" అన్నాడు.

"తెలుసు నాన్నా."

అంతలో తండ్రి కంచె దాటి వచ్చాడు. "ఆట నాకు తెలియదు సిస్టర్. కానీ అందరూ విసరమంటుంటే వీడెందుకు విసరలేదు?" అన్నాడు. నేను కుర్రాడి వైపు చూశాను. చెప్పాల్సింది వాడు. వాడు చెప్పాడు, అంతా, ఎడం చేత్తో అన్నం తినడం దగ్గర్నుంచీ. ఇంగ్లీషులో మొదలెట్టి మధ్యలో ఎక్కడో తెలుగులోకి వచ్చేశాడు. వాడు తెలుగు మాట్లాడగా నేను వినడం అదే మొదలు. నాయనమ్మ యాసే.

"నేను కోర్సు కోర్సు అంటున్నానని నొప్పి కూడా చెప్పలేదా రా?" అన్నాడు తండ్రి. తర్వాత కొడుకు కిట్ బ్యాగు తీసి భుజాన వేసుకున్నాడు. బరువు చూసి ఒక్క క్షణం ఆగాడు. ఇంత బరువని అనుకోలేదేమో. ఇద్దరూ కారు వైపు నడిచారు.

వారం తర్వాత కోచ్ క్లినిక్‌కి వచ్చాడు. స్కౌట్ ఫోన్ చేశాడట. కుర్రాణ్ణి పై మెట్టుకి పంపమని రాశాడు, షార్ట్‌స్టాప్‌గా కాదు, రెండో బేస్ ఆటగాడిగా. మోచెయ్యి సంగతి కోచే ఆయనకి చెప్పాడు, కుర్రాడి అనుమతితో. బాగయ్యాకే రమ్మన్నారు.

నాకు గర్వమేసింది. "ఆ చివరి బంతి పట్టుకుని ఆగడం చూసుంటాడు. అలాంటి నిగ్రహం..." అని మొదలుపెట్టాను.

"ఆ బంతా? ఆయన చూడలేదు" అన్నాడు కోచ్. "అప్పుడు మాంసం కూరిన రొట్టె కొనుక్కోవడానికి క్యూలో ఉన్నాడు. ఆయన రాసింది మూడో ఇన్నింగ్స్ గురించి."

మా బాస్ పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను, కాస్త ఆలస్యంగా. పిల్లలూ, మనం ఇచ్చిన మంచి సలహాకి బహుమతి రావాల్సిన చోట, ఇచ్చేవాడు క్యూలో ఉంటాడు. కానీ ఆ కట్టు తెగలేదు. దానికి ఎవరి రిపోర్టూ అక్కర్లేదు.

ఆ తర్వాత నాలుగు నెలలు తండ్రే వాణ్ణి క్లినిక్‌కి తీసుకొచ్చేవాడు, డ్యూటీలు మార్చుకుని మరీ. మొదట తువ్వాలుతో విసిరినట్టు చెయ్యి ఊపడం, తర్వాత మెత్తని బంతి, తర్వాత గోడకి, తర్వాత తండ్రికి. ఆ బస్సు డ్రైవరు మా క్లినిక్ వెనక కారు పార్కింగులో గ్లవ్ తొడుక్కుని, బంతికి భయపడి కళ్ళు మూసుకుంటూ నిలబడడం చూడ్డానికి రిసెప్షన్ అమ్మాయిలు కిటికీ దగ్గర చేరేవారు. కొన్నాళ్ళకి కళ్ళు తెరిచాడు. కంప్యూటర్ కోర్సు వాళ్ళకి "వచ్చే ఏడాది" అని చెప్పాడట. ఆ వచ్చే ఏడాది చాలా ఏళ్ళు సాగింది.

కుర్రాడు వెళ్ళాడు. ఒక్కో మెట్టూ ఎక్కాడు. ఒకచోట రెండేళ్ళు ఇరుక్కుపోయాడు, ఒకసారి ఒక మెట్టు దిగి మళ్ళీ ఎక్కాడు. అప్పుడప్పుడు ఈమెయిల్ పంపేవాడు. "మోచెయ్యి బాగుంది ఆంటీ. బస్సు బాగాలేదు." చాలాసార్లు అంతే ఉండేది.

పెద్ద లీగులో ఆడాడా అని మీరడుగుతారు. అందరూ అదే అడుగుతారు. లేదు. దాని కిందనున్న ఆఖరి మెట్టు దాకా వెళ్ళాడు. అక్కడ కొన్ని సీజన్లు ఆడాడు, పైన ఖాళీ రాలేదు. తిరిగొచ్చి, కోర్సు చేసి, వారమంతా కంప్యూటర్ ముందు కూచుని, శనివారాలు మా పాత క్లబ్బులో పిల్లలకి ఫీల్డింగ్ నేర్పుతున్నాడు. ఏమైనా బాధగా ఉంటుందా అని ఒకసారి అడిగాను. "ఆడినన్నాళ్ళూ అన్నీ బాగా పట్టాను ఆంటీ" అన్నాడు. ఆ మాట నాకు చాలు.

వాడు ఆఖరి మెట్టు మీద ఆడిన మొదటి ఆట రోజు సంగతి మాత్రం చెప్పి ముగిస్తాను. అక్కడ సాయంత్రమైతే ఇక్కడ మర్నాటి పొద్దున. క్లినిక్ నిండా జనం. రిసెప్షన్ అమ్మాయి వచ్చి, "ఎవరో పెద్దావిడ, ఇంగ్లీషు రాదు, మీరే కావాలంటోంది" అంది. వెళ్ళి ఫోన్ తీసుకున్నాను. కుర్రాడి నాయనమ్మ.

"అమ్మా, నా కొడుకు అమెరికా ఎల్లాడు, పిల్లోడి ఆట సూడ్డానికి. ఇప్పుడే ఆ గ్రౌండులోంచి ఫోను సేసి ఇనిపించాడు. ఎంత గోల, ఎంత జనం! మైకులో మా ఇంటి పేరు సదివారమ్మా!" అంది. తర్వాత గొంతు తగ్గించి, "తప్పు సదివారు" అని కిలకిలా నవ్వింది.

నేనూ నవ్వాను. ఆవిడ చెప్పుకుపోయింది. వాళ్ళ మావగారి నాన్న ఓడెక్కినప్పుడు దొర ఆయన పేరు తప్పు రాసుకున్నాడట. ఆ తప్పే ఫిజీలో వాళ్ళింటి పేరైపోయింది. ఇక్కడికొచ్చాక బడిలో దాన్ని ఇంకోలా పలికారు. ఇప్పుడు అమెరికావాడు మరోలా పలికాడు. "ఎలా పలికితే ఏటమ్మా, అంతమంది ఇన్నారు."

"అసలు పేరేమిటమ్మా? ఆయన ఓడెక్కకముందు?" అని అడిగాను.

ఆ ప్రశ్న చాలాకాలంగా ఎవరూ అడిగినట్టు లేదు. ఆవిడ ఒక్కో అక్షరం విడదీసి చెప్పింది. మన ఊళ్ళలో వీధికొకరికి ఉండే మామూలు పేరే.

నేను రిసెప్షన్ బల్ల దగ్గర నిలబడి, మోకాళ్ళకి కట్లూ మెడలకి పట్టీలూ ఉన్న పేషెంట్లంతా తలలు తిప్పి చూస్తుండగా, ఆ పేరు గట్టిగా పలికాను.

"ఆఁ, అదే" అంది ఆవిడ.